నిరసన అంటే కారణం చెప్పడం



వార్తల్లో ‘నిరసన’ అనే మాట వినపడని రోజు లేదు. ధాన్యం కొనుగోలు ఆలస్యమైందని రైతులు నిరసన తెలిపారంటారు. జీతాలు పెంచలేదని అంగన్‌వాడీ కార్యకర్తలు, ఫీజు బకాయిలు విడుదల కాలేదని విద్యార్థులు, కుళాయిలో బురదనీళ్లు వస్తున్నాయని కాలనీవాళ్లు నిరసన తెలుపుతారు. శాసనసభలో ప్రతిపక్షం నిరసన తెలిపి బయటికి నడుస్తుంది. ఇన్ని చోట్ల ఇంత పని చేస్తున్న ఆ మాటను మనం వింటున్నామే గాని, దాని లోపల ఏముందో చూడటం మానేశాం. ఈ కాసేపూ ఆ మాట గురించే మీతో మాట్లాడాలని ఉంది.

ఇది సంస్కృతం నుంచి మనకు వచ్చింది. ‘అసనం’ అంటే విసరడం. దానికి ముందు ‘నిర్’ చేరితే బయటికి విసిరేయడం, తొలగించడం, తోసిపుచ్చడం. మన పాత కావ్యాల్లో ‘నిరసించు’ అన్న క్రియ ఈ అర్థానికి దగ్గరగానే మసలుతుంది. ఒకరిని లెక్కచేయకపోవడం, చులకనగా చూడడం, చెప్పినదాన్ని కొట్టిపారేయడం దాని పని. అందులో కాస్త అహంకారం కూడా ఉంది. కలిగినవాడు లేనివాణ్ణి నిరసిస్తాడు, పండితుడు పామరుణ్ణి నిరసిస్తాడు. అంటే అప్పట్లో నిరసన పైనుంచి కిందికి దిగేది.

ఇవాళ ఆ దారి పూర్తిగా తిరగబడింది. అధికారి తన కింద పనిచేసేవారికి నిరసన తెలపడు, మెమో ఇస్తాడు. ఉద్యోగులే నల్లబ్యాడ్జీలు పెట్టుకుని అధికారికి నిరసన తెలుపుతారు. యజమాని కూలీలకు నిరసన తెలిపాడని మనం అనం, అంటే వినడానికే ఎబ్బెట్టుగా ఉంటుంది. బలవంతుడి చేతిలో ఉన్న మాట బలహీనుడి చేతికి వచ్చింది. తెలుగులో ఇంత గొప్పగా చేతులు మారిన మాటలు నాకు ఎక్కువ కనిపించవు. అందుకే దీనిమీద నాకింత మమకారం.

ఈ ప్రయాణంలో ఒక మజిలీ దగ్గర కాసేపు ఆగాలి. అది శాస్త్రచర్చ. అక్కడ ‘పరమత నిరసనం’ అనే మాట ఉంది. ఎదుటివారి సిద్ధాంతాన్ని తోసిపుచ్చడం అని అర్థం. దానికి ఒక పద్ధతి ఉంది. ముందుగా ఎదుటివారి వాదాన్ని పూర్వపక్షంగా పెట్టాలి. వాళ్లు స్వయంగా వచ్చి చెప్పినా ఇంతకంటే బాగా చెప్పలేరనిపించేంత నిండుగా పెట్టాలి. ఆ తర్వాతే అందులో ఏది నిలవదో, ఎందుకు నిలవదో ఒక్కొక్కటిగా చూపాలి. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో సాంఖ్యుల వాదాన్ని కాదనే ముందు దాన్ని ఎంత ఓపికగా వివరిస్తారో చదివినవారికి తెలుసు. ‘ఎందుకు’ అన్నదానికి జవాబు లేకుండా ఆ సభలో నిరసనం చెల్లదు. కావ్యంలోని నిరసనకు కారణం అక్కర్లేదు, శాస్త్రంలోని నిరసనానికి కారణమే ప్రాణం. ఈ రెండింటిలో మన వీధుల్లోకి వచ్చింది రెండోదే అని నేను నమ్ముతాను. ఆ సంగతి మరిచిపోయినప్పుడే మాట పలచబడుతోంది.

స్వాతంత్ర్యోద్యమంలో చూడండి. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్ బొంబాయిలో దిగినప్పుడు దేశమంతా నల్లజెండాలు లేచాయి. కారణం పిల్లలకు కూడా అర్థమయ్యేంత స్పష్టం. భారతదేశ భవిష్యత్తును తేల్చడానికి వచ్చిన ఆ ఏడుగురిలో ఒక్క భారతీయుడూ లేడు. మద్రాసులో పోలీసు తుపాకులకు ఎదురుగా టంగుటూరి ప్రకాశం గుండె చూపించి నిలబడ్డది ఆ సందర్భంలోనే. ఆయన ధైర్యాన్ని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆ ధైర్యం వెనకున్న కారణాన్నీ కలిపి చెప్పుకోవాలి.

అంతకు ఏడేళ్ల ముందు చీరాల, పేరాల ప్రజలు చేసింది ఇంకా విలక్షణం. రెండు ఊళ్లనూ కలిపి మునిసిపాలిటీ చేయడంతో పన్నుల భారం పెరిగింది. వద్దని మొరపెట్టుకున్నారు, అర్జీలు పెట్టుకున్నారు, సర్కారు వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్లూ వాకిళ్లూ వదిలి ఊరిబయట పాకలు వేసుకుని కాపురం పెట్టారు. దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. మునిసిపాలిటీ హద్దుల్లో మనిషే లేకపోతే పన్ను ఎవరి దగ్గర వసూలు చేస్తారు? ఎండకూ వానకూ చలికీ ఓర్చి సుమారు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. ‘బయటికి విసరడం’ అని ఆ మాటకున్న తొలి అర్థం గుర్తుంది కదా. చీరాలవాళ్లు తమను తామే బయట పెట్టుకుని సర్కారు నిర్ణయాన్ని బయట పడేశారు. నిరసనకు తెలుగునేల మీద ఇంతకంటే నిండైన ఉదాహరణ నాకు తెలియదు.

ఇలాంటి అర్థానికే దగ్గరగా తెలుగులో ఇంకా కొన్ని మాటలున్నాయి. వాటిని ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం గాని, ఒక్కోదానికి ఒక్కో స్థలం ఉంది. ‘అభ్యంతరం’ పని జరగకముందు చెప్పేది. రోడ్డు వెడల్పు చేస్తామని నోటీసు ఇచ్చి, అభ్యంతరాలుంటే ఫలానా తేదీలోగా తెలపండి అంటారు. ఆ అభ్యంతరాన్ని పక్కనపెట్టి పని కానిచ్చేస్తే తర్వాత మిగిలేది నిరసన. ‘ఖండన’ వేరు. ఖండించడానికి ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, ఒక ప్రకటన రాసి పత్రికలకు పంపితే చాలు. ఎక్కడో జరిగిన ఘోరాన్ని ఇక్కడ కూర్చుని ఖండించవచ్చు. నిరసనకు మాత్రం మనిషి కదలాలి. ఎండలో నిలబడాలి, ఒకరోజు కూలి పోగొట్టుకోవాలి, కొంత ఖర్చు తన ఒంటిమీద వేసుకోవాలి. ‘అసమ్మతి’ మంచి మాటే, పాపం పార్టీల ముఠాల పాలబడి ‘అసమ్మతి వర్గం’గా మిగిలిపోయింది. ఇక ‘ఈసడింపు’, ‘ఏవగింపు’ పూర్తిగా వేరే జాతి. అవి మనిషిమీదికి పోతాయి. నిరసన చేసిన పనిమీద ఉంటుంది. ఒక నాయకుడి పుట్టుకనో, రూపాన్నో, ఆడవాళ్లయితే వాళ్ల వేషభాషలనో తిడుతూ ఊరేగింపు చేసి దానికి నిరసన ప్రదర్శన అని పేరు పెడితే ఆ మాటకు అన్యాయం చేసినట్టే.

ఇంతకీ ఇంట్లో ఈ మాట వాడతామా? వాడం. కూతురు తండ్రితో ‘నాన్నా, నా నిరసన తెలుపుతున్నాను’ అనదు. ‘నాకిది నచ్చలేదు నాన్నా’ అంటుంది, లేదా అలుగుతుంది. అలక మన ఇళ్ల నిరసన. కైకేయికి కోపగృహం ఉంది, సత్యభామకు పారిజాతం ఉంది. నంది తిమ్మన పారిజాతాపహరణానికి మూలకందమే ఒక పువ్వు రుక్మిణికి పోయిందన్న అలక. పెళ్లిళ్లలో అల్లుడికి అలకపాన్పు వేసి మరీ అలగమంటాం. కోపం వచ్చిన పిల్లవాడు మొట్టమొదట మానేసేది అన్నం. ‘అన్నం మీద అలగొద్దు’ అని బతిమాలని తెలుగు తల్లి ఉండదు.

అలక ఎందుకొచ్చిందో అలిగినవాళ్లు చెప్పరు. ఎదుటివాళ్లే కనుక్కోవాలి. అంత దగ్గరితనం ఉన్నచోటే అలక చెల్లుతుంది. కలెక్టరు మనల్ని కనుక్కోడు, కంపెనీ యాజమాన్యం మనల్ని బతిమాలదు. అందుకే గడప దాటిన తర్వాత అలక పనికిరాదు, నిరసన కావాలి. అందులో ఏది తప్పో, ఎవరి బాధ్యతో, ఏం సరిచేయాలో నోరు తెరిచి చెప్పాలి.

అన్నం మానేయడం మాట వచ్చింది గనక ఇప్పుడు ‘నిరసన’ పక్కనే కూర్చున్న ‘నిరశన’ దగ్గరికి వద్దాం. ఇది వినిపించడానికి రేడియో కంటే మంచి చోటు లేదు. కొంచెం శ్రద్ధగా వినండి. నిరసన. నిరశన. మొదటిదాంట్లో దంత్యమైన ‘స’, నాలుక పళ్ల దగ్గర ఉంటుంది. రెండోదాంట్లో తాలవ్యమైన ‘శ’, నాలుక అంగిలి వైపు లేస్తుంది. ‘అశనం’ అంటే భోజనం. అది లేకపోవడం నిరశన. అంటే మనం రోజూ అనే నిరాహార దీక్ష. పుట్టుకలో ఈ రెండు మాటలకూ ఏ చుట్టరికమూ లేదు. ఒకటి విసరడం నుంచి వచ్చింది, ఇంకొకటి తినడం నుంచి వచ్చింది.

మాట్లాడేటప్పుడు మనలో చాలామందికి శ, స కలిసిపోతాయి. దానికి ఎవరినీ తప్పుపట్టను, నాలుక అలవాటు అది. రాతలో కలిసిపోతేనే చిక్కు. ‘నిరశన ర్యాలీ’ అని బ్యానరు కడతారు. ‘నిరశన తెలిపిన ఉపాధ్యాయులు’ అని శీర్షిక పెడతారు. ఆ ఉపాధ్యాయులు భోజన విరామంలో ప్లకార్డులు పట్టుకుని పావుగంట నిలబడ్డారు, అంతే. ఎవరూ పస్తు లేరు. అటువైపు నాలుగు రోజులుగా మెతుకు ముట్టని మనిషి శిబిరంమీద ‘నిరసన దీక్ష’ అని రాసి ఉంటుంది. ఒకరోజు మౌనంగా కూర్చోవడాన్ని కూడా నిరసన దీక్ష అనవచ్చు గనక ఆ రాత తప్పని తోసేయలేం. కానీ చూసేవాళ్లకు లోపల ఒక ప్రాణం కృశిస్తోందని తెలియకుండా పోతుంది. ఒక్క అక్షరం తేడాతో ఆకలి కనపడకుండా పోవడం చిన్న విషయమని నేననుకోను.

పుట్టుకలో చుట్టరికం లేకపోయినా ఈ రెండు మాటలూ ఈ నేలమీద చాలాకాలంగా కలిసి నడుస్తున్నాయి. వాల్మీకి అయోధ్యకాండలో భరతుడు, అన్న తిరిగి రానంటే, దర్భలు పరుచుకుని పర్ణశాల ముందు తిండి మాని కూర్చోవడానికి సిద్ధపడతాడు. అది క్షత్రియుడికి తగదని రాముడు వారించి లేపుతాడు. బాకీ చెల్లించనివాడి గుమ్మం ముందు అప్పిచ్చినవాడు అన్నం నీళ్లు మాని కూర్చునే ఆచారం మన దేశంలో ఉండేది. మనం ఇవాళ ధర్నా అంటున్నది దాని పేరే. ఆ కూర్చున్నవాడు పస్తుతో పోతే ఆ పాపం ఇంటివాడికి చుట్టుకుంటుందని నమ్మకం. 1860 నాటి భారత శిక్షాస్మృతి 508వ సెక్షన్‌లో దీన్ని పేరు పెట్టి ఉదాహరణగా రాశారు. గుమ్మం ముందు ధర్నా కూర్చుని, దైవాగ్రహం తగులుతుందని ఎదుటివారిని నమ్మించబోవడం ఆ సెక్షన్ కింద నేరం. హైదరాబాదు ఇందిరా పార్కు దగ్గరా, విజయవాడలోనూ ఇప్పుడు ఆ మాటతోనే ధర్నాచౌక్ అని చోట్లకు పేర్లున్నాయి. బాకీ కోసం గుమ్మం ముందు పస్తు కూర్చోవడం నుంచి ప్రభుత్వం ముందు బైఠాయించడం దాకా వచ్చేసరికి పస్తు చాలావరకు పక్కకు తప్పుకుంది, ధర్నా నిలిచింది.

నిరసన, నిరశన రెండూ ఒకే మనిషిలో చూడాలంటే పొట్టి శ్రీరాములు దగ్గరికి వెళ్లాలి. ఆయన పేరు చెప్పగానే మనకు ఆంధ్రరాష్ట్రం, ప్రాణత్యాగం గుర్తొస్తాయి. అంతకుముందే నెల్లూరులో ఆయన ఇంకో పని చేసేవారు. దళితుల ఆలయ ప్రవేశం కోసం, అంటరానితనానికి వ్యతిరేకంగా నినాదాలు రాసిన అట్టలు ఒంటికి తగిలించుకుని, చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా మండుటెండలో వీధుల వెంట తిరిగేవారు. పిచ్చివాడని నవ్వినవాళ్లున్నారు. ఆయన ఎవరినీ తిట్టలేదు. అట్టమీద రాసి ఉన్నదేమిటో ఊరివాళ్లు చదవాలి, అంతే ఆయన కోరిక. నాకు తెలిసినంతలో నిరసన అనే మాటకు శుద్ధమైన రూపం ఇదే. ఒక్కడే మనిషి, ఒంటిమీద కారణం, ఎదురుగా తన ఊరివాళ్లు. నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని 1946లో ఆయన పస్తు కూడా ఉన్నారు.

ఆ తర్వాత నిరశన. 1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తి ఇంట్లో, ప్రత్యేక ఆంధ్రరాష్ట్రం కోరుతూ ఆయన దీక్షకు కూర్చున్నారు. రోజులు గడిచాయి, వారాలు గడిచాయి. డిసెంబరు 15 రాత్రి ఆయన కన్నుమూశారు. 58 రోజులు. అప్పుడు గాని ఢిల్లీలో కదలిక రాలేదు. నాలుగు రోజుల తర్వాత ఆంధ్రరాష్ట్రం ఏర్పాటు చేస్తామని నెహ్రూ ప్రకటించారు, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం వచ్చింది. నిరసన విని ఉంటే నిరశన అవసరం ఉండేది కాదు కదా అని ఆ తేదీలు చూసినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. మాటతో చెప్పినప్పుడు వినని రాజ్యం ప్రాణం పోయాక విన్నది. ‘స’ నుంచి ‘శ’కు మనుషులను నెట్టడం ప్రభుత్వాలు చేసే అన్యాయాల్లో అతి పెద్దది.

నెల్లూరు పేరు చెప్పుకున్నాక ఆ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లను తలుచుకోకుండా ఉండలేను. 1990ల మొదట్లో మొగుళ్ల కూలి డబ్బు సారా కొట్టుకు పోతుంటే, అక్షరదీపం అనే వయోజన విద్యా బడుల్లో చదువు నేర్చుకుంటూ వాళ్లు ఆ సంగతి నలుగురిలో మాట్లాడుకున్నారు. ఊళ్లోకి సారా రావద్దని అడ్డం నిలబడ్డారు. అది ఊరూరా పాకి రాష్ట్రవ్యాప్త ఉద్యమమైంది, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. అంతకుముందు ఆ ఇళ్లలో అలకలు ఎన్ని ఉండి ఉంటాయో! అవి గోడ దాటలేదు. కారణాన్ని నలుగురి ముందు పెట్టిన రోజునే అది నిరసనైంది.

ఇప్పుడు పత్రికల మిత్రులకు, టీవీ మిత్రులకు ఒక మాట. ‘మంత్రికి నిరసన సెగ’, ‘ఎమ్మెల్యేకు నిరసన సెగ’, ‘భగ్గుమన్న నిరసనలు’, ‘మిన్నంటిన నిరసనలు’ అని శీర్షికలు పెడుతున్నారు. చదివినవాళ్లకు వేడి తగులుతుంది, విషయం తెలియదు. నాలుగు పేరాల వార్తలో ఎంతమంది వచ్చారు, పోలీసులు ఎలా ఆపారు, ఎవరిని ఏ స్టేషనుకు తరలించారు అన్నీ ఉంటాయి. వాళ్లు దేనికొచ్చారన్నది చివరి పేరాలో ఒక వాక్యం ఉంటుంది, కొన్నిసార్లు అదీ ఉండదు. ఎండలో అంతసేపు నిలబడి వాళ్లు చెప్పిందే ఆ ఒక్క వాక్యం. దాన్ని వదిలేస్తే వాళ్లను వినలేదనే అర్థం.

వాక్య నిర్మాణంలో కూడా ఈ సంగతి దాగి ఉంది. ‘ఎవరికి’ అన్నదొక్కటే కాకుండా ‘దేనికి’ అన్నదీ నిరసనకు కావాలి. ‘మంత్రికి నిరసన’ అన్నది సగం వాక్యం. ‘పంట నష్టం లెక్కల్లో కౌలు రైతుల పేర్లు లేకపోవడానికి నిరసనగా’ అన్నప్పుడు అది పూర్తవుతుంది. ‘నిరసనగా’ అన్న రూపం ఎంత అందమైనదో గమనించండి. దానికి ముందు ఒక కారణం రాక తప్పదు. ‘ఆ నిర్ణయానికి నిరసనగా రాజీనామా చేశారు’ అన్నప్పుడు చెవి తనంతట తానే ‘ఏ నిర్ణయం’ అని అడుగుతుంది. అందుకే ‘నిరసన వ్యక్తం చేశారు’ అనే అరిగిన పలుకుబడి కంటే నాకు ‘నిరసనగా’ ఎక్కువ నచ్చుతుంది. ‘నిరసించారు’ అన్న పాత క్రియ కూడా మళ్లీ వాడుకలోకి రావాలి. ‘గుడిసెల కూల్చివేతను నిరసించారు’ అంటే మూడు మాటల్లో పని, దానిమీది అభిప్రాయం రెండూ తెలుస్తాయి.

ఇక చట్టం ఏమంటుందో చూద్దాం. ఆయుధాలు లేకుండా, శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం మనకిచ్చింది. ప్రదర్శన కూడా అభిప్రాయాన్ని చెప్పే ఒక పద్ధతేనని 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఆ కేసులో ప్రభుత్వ ఉద్యోగులు ప్రదర్శనలు చేయకూడదన్న బీహారు ప్రభుత్వ నియమాన్ని, ప్రదర్శనలను నిషేధించినంతవరకు కొట్టేసింది. సమ్మెకు ప్రాథమిక హక్కు లేదని కూడా అదే తీర్పులో చెప్పింది. అంటే చట్టం కాపాడుతున్నది మన మాటను, మనం చెప్పే కారణాన్ని.

శ్రోతలారా, రేపు మీ వీధిలో ఎవరైనా అట్టముక్కమీద నాలుగు మాటలు రాసి పట్టుకుని నిలబడితే, ట్రాఫిక్ ఆగిందని విసుక్కునే ముందు ఆ నాలుగు మాటలూ చదవండి. మీకు నచ్చకపోవచ్చు, అయినా పూర్తిగా చదవండి. మీరే ఆ అట్ట పట్టుకోవలసి వస్తే కారణాన్ని పెద్ద అక్షరాల్లో, దూరానికి కనపడేలా రాయండి. తిట్లు రాయకండి. పస్తు ఉంటే ‘శ’ రాయండి, లేకపోతే ‘స’ రాయండి.